అత్తయ్యగారు కొండకి వెళ్తారట

ఫిబ్రవరి 3, మంగళవారం

ఇవాళ షాపుకి అత్తయ్యగారు వచ్చారు.

ఈ ముక్క రాసి కలం పక్కన పెట్టేశాను. అత్తయ్యగారు అని రాయవచ్చునా ఇప్పుడు? మరేమని రాయాలి? ఆ ఇంటి గుమ్మం దిగి ఈ అద్దె గదికి వచ్చి ఎనిమిది నెలలవుతోంది. "కొన్నాళ్ళు విడిగా ఉందాం, ఆలోచించుకుందాం" అన్నాడు అతను, ఆవిడ కొడుకు. వరసలు మార్చుకుందాం అనలేదు. కొన్నాళ్ళు అంటే కొన్నాళ్ళే. కనుక అత్తయ్యగారే.

నేను షాపు వెనక గదిలో ఉన్నాను. అద్దెకి వెళ్ళి తిరిగొచ్చిన టెంట్లని నేల మీద పరిచి ఎక్కడ చిరిగాయో చూస్తున్నాను. ఎవరో మహానుభావులు లోపల కూర్చుని స్టవ్ వెలిగించినట్టున్నారు, ఒక మూల కరిగి చిల్లు పడింది. ముందు గదిలోంచి ఓనరమ్మ గొంతు. "కొండెక్కడానికి కావలసినవన్నీ మా దగ్గర అద్దెకి దొరుకుతాయండీ, ఊపిరి తప్ప." వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పే జోకే. దానికెవరో నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు. వంటింట్లో నా వెనక నుంచి ఎన్నోసార్లు విన్నాను.

బయటికొచ్చి చూస్తే ఆవిడ. వేలాడుతున్న బ్యాగుల మధ్య, చేతిసంచి రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడి ఉన్నారు. జుట్టు కొంచెం పల్చబడింది.

"ఏమ్మా, బావున్నావా?"

"బావున్నానండీ. మీరు... ఇలా..."

"వీపుకి తగిలించుకునే బ్యాగ్ ఒకటి కావాలి."

"ఎవరికండీ?"

"ఎవరికేంటి, నాకే."

పార్కులో పొద్దున్నే నడిచే ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిసి వచ్చే నెల కొండకి వెళ్తున్నారట. నాలుగు రాత్రులు టెంట్లలో. ముందు ఒక గైడు నడుస్తుంది, ఎవరి బ్యాగ్ వాళ్ళే మోసుకోవాలి. "నాకు ఇందులో ఓనమాలు కూడా రావు. ఏం కొనాలో, ఏం సర్దాలో, అసలు దీన్ని ఎటువైపు నుంచి తొడుక్కోవాలో. నువ్వు దగ్గరుండి నేర్పిస్తావని వచ్చాను."

నేర్పించాను. నాకు వచ్చిన పని ఇదొక్కటే కదా. బ్యాగ్‌లో ఇసుక సంచులు పెట్టి తొడిగాను. భుజాల పట్టీలు లాగేసుకోబోతే ఆపి, ముందు నడుం బెల్టు బిగించాను. "బరువు భుజాల మీద కాదండీ, నడుం ఎముక మీద కూర్చోవాలి. భుజాల పట్టీలు బ్యాగ్ వెనక్కి ఒరగకుండా చూస్తాయంతే." ఆవిడ నడుం చుట్టూ చేతులు వేయడం ఇదే మొదటిసారి. అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఒకరినొకరం ముట్టుకున్నామో లేదో గుర్తు రావడం లేదు.

ఆవిడ అటూ ఇటూ నడిచి "అరె, బరువే పోయింది!" అన్నారు.

ఇలాంటి షాపు వాళ్ళింటి వీధి చివరే ఒకటుంది. రెండు బస్సులు మారి ఇక్కడికెందుకొచ్చారు? బ్యాగ్ ఒక వంక. అతనే పంపించి ఉంటాడు, ఎలా ఉన్నానో చూసి రమ్మని.

అతని గురించి నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఫిబ్రవరి 4, బుధవారం

అడగకపోవడమే మంచిదైంది.

ఫిబ్రవరి 8, ఆదివారం

సర్దడం నేర్చుకోవాలంటే తీసుకెళ్దామనుకున్నవన్నీ పట్టుకుని మా గదికి రమ్మన్నాను. ఆవిడ ఆటో దిగారు. రెండు పెద్ద సంచులు, చంకలో ఒక దిండు.

మంచం మీద కుప్ప పోశాం. వేడినీళ్ళ రబ్బరు సంచి. గొడుగు. స్టాండున్న అద్దం. నిండు సీసా తలనూనె. మూతలున్న స్టీలు డబ్బాలు, ఒకదాంట్లో ఇంకొకటి పట్టేవి. నూలు బట్టలు పెళ్ళికి వెళ్తున్నంత. ఇస్త్రీ చేసినవి. టార్చి ఒకటి, ఆ టార్చి పాడైతే ఇంకొకటి, రెండూ పాడైతే కొవ్వొత్తులు.

"కొండ మీద కాపురం పెడతారా ఏంటండీ?"

"పెడితే పెడతానేమో" అని నవ్వారు.

ఒక్కొక్కటే చేత్తో పట్టుకుని "ఇది లేకపోతే ఏమవుతుంది?" అని అడగమన్నాను. ఏం కాదు అంటే ఇటు. ఇబ్బంది అంటే మధ్యలో. తడిసిపోతాను, వణికిపోతాను, దారి తప్పుతాను అంటే అటు. కొత్తగా వచ్చేవాళ్ళందరికీ చెప్పేదే. అందరూ మొదట్లో బింకంగా ఉంటారు, అద్దం దగ్గర ఆగిపోతారు. ఆవిడ అద్దాన్ని ఠక్కున ఇటు పడేశారు. దిండు దగ్గర ఆగారు. మడిచిన బట్టలే దిండు అని చెప్తే చాలాసేపు నమ్మలేదు. నూలు బట్టలు తడిస్తే ఓ పట్టాన ఆరవని, ఒంటి మీద చల్లగా అంటుకుని ఉంటాయని, త్వరగా ఆరేవి రెండు జతలు చాలని చెప్పాను.

"రెండు జతలేనా? వాసనొస్తాయే."

"అందరివీ వాసనొస్తాయండీ. ఎవరికీ తెలీదు."

అప్పుడు కుప్ప అడుగున కనబడింది. అతని నీలం స్వెటరు. మెడ దగ్గర దారం లేచినది.

ఆవిడ మామూలుగా "చలికి" అన్నారు. ఇంకేమీ అనలేదు. అనకపోవడంలోనే ఏదో ఉంది. ఆ ఇంట్లో వేరే స్వెటర్లు లేవా?

"ఇది బరువెక్కువ. పల్చటిది నేను చూసి పెడతాను" అన్నాను. అంత బరువేం కాదు.

ఆవిడ వెళ్ళాక చూస్తే వద్దన్నవన్నీ తీసుకెళ్ళారు, స్వెటరు తప్ప. మర్చిపోయారా? వదిలేసి వెళ్ళారా?

ఫిబ్రవరి 9, సోమవారం

స్వెటరు ఇచ్చేయాలి.

ఫిబ్రవరి 12, గురువారం

ఓనరమ్మకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. బూట్ల అడుగులు బ్రష్‌తో తోముతూ "అంటే ఆవిడ నిన్ను మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళడానికి వస్తోందంటావు" అంది.

"నేనలా అనలేదండీ."

"మరేమన్నావు?"

"స్వెటరు గురించి చెప్పానంతే" అన్నాను.

"పాపం, ఆవిడకి చలేస్తుందేమోనే" అంది ఓనరమ్మ.

ఇలాంటి విషయాలు ఓనరమ్మకి అర్థం కావు. ఆవిడకి మొగుడు, అత్త ఎవరూ లేరు, ఉన్నదల్లా ఈ షాపు.

స్వెటరు రేపు ఇచ్చేయాలి. కుర్చీ మీద ఉంది. ఉతకలేదు, ఉతికితే దారం ఇంకా ఊడుతుందని.

ఫిబ్రవరి 15, ఆదివారం

నీళ్ళ ట్యాంకు వెనక ఉన్న ఎత్తు రోడ్డు మీద నడిపించాను. ఆవిడ బ్యాగ్‌లో నీళ్ళ సీసాలు, కాళ్ళకి కొత్త బూట్లు. బూట్లు కొన్నప్పటినుంచీ ఇంట్లో కూడా వేసుకుని తిరుగుతున్నారట, నేను చెప్పినట్టే. "మీ మామయ్యగారు దొంగ వచ్చాడనుకున్నారు" అని చెప్పి దారి పొడుగునా నవ్వుకున్నారు.

ఎక్కేటప్పుడు బాగానే ఎక్కారు. మాట్లాడగలిగినంత మెల్లగా ఎక్కితే చాలు, మాట ఆగిపోతే కాళ్ళు కూడా ఆపాలి అని చెప్పాను. అందుకని మాట్లాడుతూనే ఉన్నారు. వాళ్ళ చిన్నప్పటి బడి, పక్కింటి కుక్క, పళ్ళ డాక్టరు. ఇన్ని మాటలు ఆవిడలో ఉన్నాయని నాకెప్పుడూ తెలియదు. ఆ ఇంట్లో ఆవిడ మాట్లాడేది "వస్తున్నా" ఒక్కటే.

"అసలెందుకు వెళ్తున్నారండీ?"

"డాక్టరు నడవమన్నాడమ్మా."

కొంచెం పైకి వెళ్ళాక, అడగకుండానే, "కొండ పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో చూద్దామని" అన్నారు.

ఇంకొంచెం పైకి వెళ్ళాక, "ఏమో" అన్నారు.

దిగేటప్పుడు కుడి మోకాలు తడబడింది. రెండుసార్లు రోడ్డు పక్క గోడ పట్టుకున్నారు. నేను చూశానని ఆవిడ చూశారు.

బస్సు ఎక్కించేటప్పుడు నా వైపు చాలాసేపు చూశారు. ఏదో చెప్పబోతున్నారు అనుకున్నాను. "నువ్వు సరిగ్గా తినట్లేదు" అన్నారు. అంతే. అతను అడిగి రమ్మన్నదేనేమో అది. వెళ్ళి చెప్తారు కదా.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఫోన్ చేయలేదు. ఎందుకు చేస్తాడు? చేస్తాడని ఎవరన్నారు?

ఫిబ్రవరి 19, గురువారం

చేశాడు.

మధ్యాహ్నం, షాపులో. స్లీపింగ్ బ్యాగులు మిద్దె మీద ఆరేస్తున్నాను. ఫోన్ తెర మీద అతని పేరు. చేతిలో ఉన్నది జారి మెట్ల మీద పడిపోయింది.

"ఏం నూరిపోస్తున్నావు మా అమ్మకి?"

ఇదీ మొదటి మాట.

"నేనా?"

"ఈ వయసులో కొండేంటి? టెంటేంటి? పొద్దున్న బూట్లేసుకుని కూరలు తరుగుతోంది. ఏంటమ్మా అంటే నీ దగ్గర నేర్చుకుంటోందట. నీ దగ్గరికొస్తోందని నాకిప్పటిదాకా తెలీదు!"

తెలీదట. అంటే పంపించలేదు. రెండు వారాల నుంచీ నేను అల్లుకున్నదంతా ఊడిపోవడం మిద్దె మీద నిలబడి విన్నాను. మరి ఆవిడ ఎందుకొచ్చారు?

నేనేం మాట్లాడకపోయేసరికి అతని గొంతు తగ్గింది. ఆ తగ్గే గొంతు నాకు బాగా తెలుసు.

"అరవాలని కాదు. భయంగా ఉంది. మోకాలు బాలేదు ఆమెకి. మేం చెబితే వినట్లేదు. నువ్వు చెబితే వింటుంది. వద్దని చెప్పు. ఒకసారి ఇంటికి రా. మనం కూడా మాట్లాడుకుని చాలా రోజులైంది."

"సరే" అన్నాను. దేనికి సరే అన్నానో అతను అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

మనం అన్నాడు.

ఫిబ్రవరి 21, శనివారం

మోకాలు నిజంగానే బాలేదు. నేను కళ్ళారా చూశాను. కనుక వద్దనడంలో తప్పేమీ లేదు. నా స్థానంలో ఎవరున్నా వద్దనే అంటారు. అతను చెప్పకపోయినా నేను అనేదాన్నే.

అనేదాన్నేనా? ఆదివారం ఎందుకు అనలేదు మరి?

ఫిబ్రవరి 22, ఆదివారం

చెప్పాను.

అదే రోడ్డు, పైదాకా ఎక్కి బల్ల మీద కూర్చున్నాం. కింద ఊరంతా మిద్దెలు, తీగలు, ఆరేసిన బట్టలు. ఆవిడ బూట్లు విప్పి మడమ దగ్గర ఎర్రబడిన చోట టేపు వేసుకుంటున్నారు. బొబ్బ రాకముందే వేయాలని నేనే నేర్పాను. చాలా శుభ్రంగా, ముడత లేకుండా వేశారు.

"అత్తయ్యా, ఈసారికి మానేస్తే మంచిదేమో. మోకాలు దిగేటప్పుడు ఆగట్లేదు. కొండ మీద గోడలుండవు పట్టుకోవడానికి."

ఆవిడ టేపు చుట్ట సంచిలో పెట్టి, జిప్పు వేసి, అప్పుడు అడిగారు.

"ఇది నీ మాటా, వాడి మాటా?"

కోపంగా అడగలేదు. కూరలో ఉప్పు వేశావా లేదా అని అడిగినట్టు అడిగారు.

నా మాటే అని నోటి చివరిదాకా వచ్చింది. తర్వాత అతని మాటే అని వచ్చింది. రెండూ అబద్ధాల్లాగే అనిపించాయి.

"నాకు తెలియట్లేదండీ."

"సరే. తెలిశాక చెప్పు. నీ మాటయితే వింటాను."

బూటు తొడుక్కుంటూ, మళ్ళీ ఆవిడే అన్నారు. "ఆ ఇంట్లో కళ్ళు తెరిచింది మొదలు పిలుస్తూనే ఉంటారమ్మా. ఏమే, నా కళ్ళజోడేది. అమ్మా, చార్జరేది. స్నానాల గదిలో ఉన్నా పిలుస్తారు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. అలవాటు. నాకూ అలవాటే, పిలవకముందే లేచి నిలబడతాను. ఈ మధ్య నిద్రలో కూడా వస్తున్నా, వస్తున్నా అంటున్నానట. మీ మామయ్యగారు చెప్పి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎవరూ పిలవని చోట ఓ నాలుగు రోజులు ఉండాలనిపించింది. ఇది డాక్టరుకి చెబితే ఏం మందు రాస్తాడు?"

"నా దగ్గరికే ఎందుకొచ్చారండీ? మీ వీధిలోనే షాపుంది."

"అక్కడి కుర్రాడు, మీతోపాటు ఎవరొస్తున్నారండీ అని అడిగాడు. నువ్వడగలేదు."

అడగలేదు, నిజమే. నా మనసంతా వేరే ప్రశ్న మీద ఉంది మరి. అది ఆవిడకి చెప్పలేకపోయాను.

ఫిబ్రవరి 24, మంగళవారం

షాపుకి ఒక టీచరు వచ్చారు, దాదాపు అత్తయ్యగారి వయసే. టీచరు వెళ్తున్నదీ అలాంటి కొండకే. బూట్లు తొడిగి, మేం వాలుగా పెట్టుకున్న చెక్క మీద దిగమంటే మోకాలు వణికింది. నేను ఆలోచించనైనా ఆలోచించలేదు. "చేతికర్రలు రెండు తీసుకోండి, ఒకటి కాదు. దిగేటప్పుడు వాటిని కొంచెం పొడుగు చేసుకోండి. అడుగు చిన్నది, మోకాలు కాస్త వంచి. బ్యాగ్ ఇంకొంచెం తేలిక చేయండి. వెళ్ళేలోగా రోజూ మెట్లు దిగండి, ఎక్కడం కాదు, దిగడం. ఒకసారి డాక్టరుకి చూపించి మోకాలి పట్టీ వేసుకోండి. నొప్పి పెరిగితే గైడుకి చెప్పి ఆగిపోండి." గడగడా చెప్పేశాను. టీచరు సంతోషంగా వెళ్ళిపోయారు.

టెంటు గుడ్డకి అతుకు వేస్తూ వేస్తూ సూది ఆపేశాను.

ఇదీ నా మాట. ముక్కూ మొహం తెలియని మనిషికి నేను చెప్పేది ఇది. మరి మొన్న బల్ల మీద కూర్చుని చెప్పింది ఎవరి మాట?

అత్తయ్యగారికి ఫోన్ చేశాను. "మొన్నటిది నా మాట కాదండీ" అన్నాను. అవతల కాసేపు గిన్నెల చప్పుడు. "మరి నీదేంటి?" అన్నారు. టీచరుకి చెప్పినదంతా చెప్పాను.

"డాక్టరు దగ్గరికి రేపు వెళ్తాను. ఆ కర్రలు నీ దగ్గరున్నాయా?"

వెనక నుంచి మామయ్యగారు పిలుస్తున్నారు. ఆవిడ ఈసారి వస్తున్నా అనలేదు, "ఫోన్లో ఉన్నాను" అన్నారు.

ఫిబ్రవరి 26, గురువారం

అతను ఫోన్ చేశాడు. చెప్పావా అన్నాడు. చెప్పానన్నాను. ఏమంది అన్నాడు. ఆలోచిస్తున్నారన్నాను. నేను ఎవరి వైపున్నానో నాకే అర్థం కాకుండా మాట్లాడాను. "థాంక్స్. నిజంగా" అన్నాడు. ఆ "నిజంగా" పట్టుకుని సాయంత్రమంతా కూర్చున్నాను. సిగ్గు లేదు నాకు.

మార్చి 1, ఆదివారం

చివరిసారి సర్దాం. డాక్టరు వెళ్ళవచ్చన్నాడు, పట్టీ ఇచ్చాడు.

ఈసారి నేను ముట్టుకోలేదు. కుర్చీలో కూర్చుని చూశాను. ఆవిడే సర్దారు. ముందు లోపల పెద్ద ప్లాస్టిక్ కవరు పరిచారు, వాన వస్తే. అడుగున స్లీపింగ్ బ్యాగ్. బరువైనవి, తిండీ వంట సామానూ, మధ్యలో వీపుకి ఆనించి. పక్కల ఖాళీల్లో బట్టలు కూరారు. వాన కోటు అన్నిటికంటే పైన, చెయ్యి పెడితే అందేలా. మందులు, టేపు పై జేబులో. మరుగుదొడ్డికి గొయ్యి తవ్వుకునే చిన్న పార పక్క జేబులో పెడుతూ "ఈ ఒక్కటి మాత్రం మీ మామయ్యగారికి చూపించలేదు" అన్నారు. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

బ్యాగ్ ఊపి చూసుకున్నారు, లోపల ఏదీ కదలలేదు. నేను లేచి, కుర్చీ వీపు మీద ఉన్న నీలం స్వెటరు తీసి ఇచ్చాను.

"బరువన్నావుగా?"

"రాత్రిళ్ళు బాగా చలిగా ఉంటుందండీ. పల్చటిది సరిపోదు."

ఆవిడ దాన్ని గట్టిగా చుట్ట చుట్టి, స్లీపింగ్ బ్యాగ్ పైన దూర్చారు. "మా ఇంట్లో వెచ్చనిది ఇదొక్కటే. వాడు వేసుకోడు, దురద అంటాడు" అన్నారు.

అయితే అంతే. చలికి తెచ్చారు. ఓనరమ్మ చెప్పినట్టే.

అప్పుడు, ఇంక దాచుకోవడానికి ఏమీ లేదనిపించి, అడిగేశాను. "అతను ఎలా ఉన్నాడండీ?"

"బానే ఉన్నాడు. తింటున్నాడు, పడుకుంటున్నాడు, ఆఫీసుకెళ్తున్నాడు."

బ్యాగ్ మూత క్లిప్పులు రెండూ వేసి, పట్టీలు లాగి, నా వైపు తిరిగారు.

"నీ గురించి అడగలేదమ్మా. అడిగాడని చెప్పాలని నాకూ ఉంటుంది. కానీ అబద్ధం చెప్పి నేను కొండకెళ్ళిపోతే, ఇక్కడ దాంతో కూర్చునేది నువ్వు."

నేను తల ఊపాను. ఆవిడ బ్యాగ్ వీపుకి తగిలించుకుని, నడుం బెల్టు ముందు, భుజాల పట్టీలు తర్వాత బిగించుకుని, మెట్లు దిగారు. చిన్న అడుగులు, మోకాలు కాస్త వంచి.

ఆవిడ వెళ్ళాక అనుకున్నాను, అతను మొన్న గురువారం మళ్ళీ ఫోన్ చేశాడు కదా, ఆవిడకి ఆ సంగతి తెలియదేమో.

మార్చి 5, గురువారం

బస్టాండు. ఆడవాళ్ళందరూ రంగురంగుల బ్యాగులతో వరసగా, బడికి వెళ్ళే పిల్లల్లా. గైడు చిన్నమ్మాయి, అందరినీ "ఆంటీ" అని కాకుండా "టీమ్" అని పిలుస్తోంది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

అతనూ వచ్చాడు. అతన్ని చూసి తొమ్మిది నెలలవుతోంది. కొంచెం ఒళ్ళు చేశాడు. ఆపడానికి వచ్చాడనుకున్నాను, కానీ ఆపే దశ దాటిపోయిందని అతనికీ తెలిసినట్టుంది. బ్యాగ్ అందుకోబోతే ఆవిడ అతని చేతి మీద చిన్న దెబ్బ వేశారు. "ఎవరిది వాళ్ళే మోయాలి. రూలు."

బస్సు కదిలింది. ఆవిడ కిటికీలోంచి ఇద్దరికీ చెయ్యి ఊపారు. ఊపుతూనే పక్కావిడతో ఏదో చెప్పి నవ్వడం మొదలుపెట్టారు. బస్సు మలుపు తిరిగేసరికే మమ్మల్ని మర్చిపోయారు.

"టీ తాగుదామా?" అన్నాడు.

తాగాం. కప్పు పట్టుకున్న అతని వేళ్ళు చూస్తూ కూర్చున్నాను. నామీద కోపం లేదన్నాడు. నేను చేయగలిగింది చేశానని తెలుసన్నాడు. తర్వాత, "ఒక మాటడగనా?" అన్నాడు. ఈ మాట కోసమే నేను ఇన్నాళ్ళూ.

"ఈ నాలుగు రోజులు ఇంటికొచ్చి ఉండగలవా? నాన్నకి మందుల టైములు నాకు తెలీవు. వంట సంగతి నీకు తెలుసుగా, నేను స్టవ్ దగ్గరికెళ్తే అంతే. నువ్వుంటే ఇల్లు ఇల్లులా ఉంటుంది. మనం కూడా మాట్లాడుకోవచ్చు."

మనం చివర్లో వచ్చింది. అయినా వచ్చింది కదా.

"ఆలోచించుకుంటాను" అన్నాను.

మార్చి 6, శుక్రవారం

ఆలోచించుకున్నాను. బ్యాగ్ సర్దాను. రెండు జతల బట్టలు, దువ్వెన, ఫోన్ చార్జరు. ఇది లేకపోతే ఏమవుతుంది అని దేన్నీ అడగలేదు. ఓనరమ్మకి ఫోన్ చేసి సెలవన్నాను. ఎందుకని అడిగితే తలనొప్పి అన్నాను.

ఏమేం తేవాలో కనుక్కుందామని ఆ ఇంటికి ఫోన్ చేశాను. మామయ్యగారు ఎత్తారు.

"అమ్మాయ్! వస్తున్నావటగా! వాడు చెప్పాడు. ముందిది చెప్పు, పంచదార ఎక్కడుంది? పొద్దుట్నుంచి ఇల్లంతా వెతుకుతున్నాను. మీ అత్తయ్యకి చేస్తే ఫోన్ కలవట్లేదు."

"స్టవ్ పైన అర తలుపు తీయండి. ఎడమ పక్క, వెనక. పచ్చ మూత."

బల్ల లాగిన చప్పుడు. దగ్గు. డబ్బాలు కదిలిన చప్పుడు. తర్వాత పెద్ద కేక.

"దొరికిందిరా! ఇక్కడే ఉంది, నా కళ్ళ ముందరే!"

అవతల గదిలోంచి అతని గొంతు: "మందుల డబ్బా కూడా అడుగు!"

"ఫ్రిజ్ పక్కన సొరుగు. చీటీ మీద పొద్దున, రాత్రి అని రాసుంటుంది" అన్నాను.

"ఆఁ, ఉంది, ఉంది. చీటీ కూడా ఉంది. వార్నీ, ఇంత తేలికా! ఇంక మాకేం ఢోకా లేదమ్మాయ్. నువ్వు శ్రమ పడకులే, మా సంగతి మేం చూసుకుంటాం." ఆయన మహా సంతోషంగా, మనసులో ఏమీ పెట్టుకోకుండా అన్నారు. వెనక అతను ఏమీ అనలేదు. ఫోన్ అందుకోలేదు. చెవి దగ్గరే పెట్టుకుని, కాసేపు, అందుకుంటాడేమోనని ఉన్నాను.

బట్టలు తీసి మళ్ళీ అరలో పెట్టాను. ఏడుస్తానేమో అనుకున్నాను. ఆకలేసింది.

మార్చి 7, శనివారం

షాపు. టెంట్లు. తలనొప్పి తగ్గిందా అంది ఓనరమ్మ. తగ్గిందన్నాను.

మార్చి 9, సోమవారం

తలుపు కొట్టారు. తీస్తే ఆవిడ. ముక్కు మీద తోలు ఊడింది, పెదాలు పగిలాయి, బూట్లకి బురద, జుట్టులో ఎండుగడ్డి. బస్టాండు నుంచి తిన్నగా ఇక్కడికే.

"కాసేపు ఉండనా?"

స్నానం చేసి వచ్చారు. కాలి బొటనవేలి గోరు నల్లబడింది. మోకాలు వాచింది, కానీ అంత కాదు. ఒక పూటంతా మబ్బులో నడిచారట. ముందు మనిషి వీపు తప్ప ఏమీ కనబడలేదట. "ఎటు చూసినా తెల్లగా. ఎక్కడున్నానో ఏంటో తెలీదు. భలే ఉంది" అన్నారు. ఇంకేదో చెప్పబోతూ, నేల మీద పరిచిన చాప మీద ఒరిగి, మాట మధ్యలోనే నిద్రపోయారు. గురక.

అతను పంచదార రోజు తర్వాత ఫోన్ చేయలేదు. ఇవాళ చేశాడు.

"అమ్మ అక్కడికొచ్చిందా? బస్సు ఎప్పుడో వచ్చేసిందట!"

"ఇక్కడే ఉన్నారు. నిద్రపోతున్నారు."

"లేపు."

"లేపను."

"ఏంటీ?"

"లేచాక ఆవిడే చేస్తారు."

"నువ్వసలు..." అన్నాడు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఈ రెండు మాటల తర్వాత ఏం వస్తుందోనని ఊపిరి బిగబట్టుకునేదాన్ని. ఇవాళ కూడా బిగబట్టాను. ఏమీ రాలేదు. అతనే పెట్టేశాడు.

ఫోన్ శబ్దం తీసేసి బోర్లా పెట్టాను. ఆవిడ బూట్లు గుమ్మం బయట పెట్టాను. కిటికీ తెర లాగాను. నేను ఆవిడకి ఏమవుతానో, రేపు మళ్ళీ అతను ఫోన్ చేస్తే ఎత్తుతానో లేదో, ఏదీ తెలియదు. చాప పక్కనే గోడకి ఆనుకుని కూర్చుని ఇది రాస్తున్నాను.

ఇప్పుడే ఒకసారి కదిలారు. కళ్ళు తెరవకుండానే, కంగారుగా, మోచెయ్యి నేలకి ఆనించి లేవబోయారు. "టైమెంతయిందమ్మా?"

"ఇంకా చాలా టైముందండీ. పడుకోండి" అన్నాను.

సాయంత్రమైపోయింది, వీధిలో దీపాలు కూడా వెలిగాయి. ఆవిడ అటు తిరిగి పడుకున్నారు.